మా కార్గీకి ఆడా మగా కాని పేరు

ప్రతి ఇంట్లోనూ ఒక కార్గీ కుక్కపిల్ల ఉండాలి. వింటే ఆడో మగో తేలని ముద్దుపేరు ఒకటి దానికి పెట్టడం కోసం ఇంటిల్లిపాదీ పంతొమ్మిది రోజులు పనులు మానుకుని పోట్లాడుకోవాలి. ఈ మేరకు ప్రభుత్వం వెంటనే జీవో ఇవ్వాలని డిమాండ్ చేస్తున్నాను!

నవ్వకండి. ముప్ఫయ్యారేళ్లు గవర్నమెంటు ఆఫీసులో ఫైళ్లు నడిపి రిటైరైన మనిషిని. జీవో అనే మాట ఊరికే వాడను.

నా పేరు గోపాలరావు. సొంతూరు తెనాలి దగ్గర. ప్రస్తుతం ఉండేది సుచిత్ర సర్కిల్ దాటాక మేడ్చల్ రోడ్డును ఆనుకుని వెలిసిన ఒక కొత్త కాలనీలో. ఎంత కొత్తదంటే ఆర్చి వచ్చింది గానీ రోడ్డు రాలేదు. పార్కు అని బోర్డు ఉంది గానీ దాని వెనక మా పాలవాడు నసీరుద్దీన్ బర్రెలు మేస్తున్నాయి. ఇంట్లో నలుగురం. నేను, మా ఆవిడ శేషారత్నం, హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అమ్మాయి సుప్రజ, శామీర్‌పేట వైపు ఓ ఇంజనీరింగ్ కాలేజీలో మూడో సంవత్సరం చదువుతున్నానని చెప్పుకునే మావాడు విశ్వతేజ.

ఈ ఏడాది, అంటే రెండువేల ఏడు జూన్‌లో, సుప్రజతో పనిచేసే హేమచంద్ అనే కుర్రాడికి పుణె ట్రాన్స్‌ఫరైంది. అక్కడ ఇంటాయన కుక్కలు కుదరవన్నాడట. అందుకని తను బెంగుళూరు నుంచి మోజుపడి తెచ్చుకున్న కార్గీ పిల్లని మా అమ్మాయి చేతిలో పెట్టేసి వెళ్లిపోయాడు.

మీరు కార్గీని చూశారా? చూసి ఉండరు. మేమూ చూడలేదు. తల నక్కది, చెవులు గబ్బిలానివి, వెనక భాగం బేకరీలో పొంగిన బన్ను. కాళ్లు మాత్రం, చేస్తూ చేస్తూ ఉండగా కరెంటు పోయి వదిలేసినట్టు ఉంటాయి. నాలుగంగుళాలు! మా ఆవిడ దాన్ని ఎత్తి, కింద పెట్టి, మళ్లీ ఎత్తి చూసింది.

"దీనికి కాళ్లింకా రావాలా?" అంది.

"అంతేనమ్మా. వీటిని రాణులు పెంచుకుంటారు," అంది సుప్రజ.

"పెంచుకుంటారు సరే, నేలకి రాసుకునే ఆ పొట్ట కడిగేదెవరు?" అంది మా ఆవిడ. కడిగేది ఎవరో అందరికీ తెలుసు.

ఆ సాయంత్రమే పేరు విషయం మొదలైంది.

"నాన్నా, పేరు క్యూట్‌గా ఉండాలి. జెండర్ న్యూట్రల్‌గా ఉండాలి," అంది సుప్రజ.

"అంటే?"

"వింటే ఆడో మగో తెలియకూడదు. పుట్టగానే ఓ పేరు తగిలించి, నువ్వు ఆడదానివి ఇలా పడుండు, నువ్వు మగాడివి అలా తిరుగు అని ముద్ర కొట్టేయడం అన్యాయం కాదూ? దాని పేరు దాని పర్సనాలిటీ. మనం నెత్తిన రుద్దకూడదు."

అంత అన్యాయానికి గురవబోతున్న ఆ జీవి సోఫా కింద నా కుడికాలి చెప్పు నమిలేస్తోంది.

నిజం చెప్పొద్దూ, మొదట కంగారుపడ్డాను. తర్వాత గర్వపడ్డాను. ఎందుకంటారా? జెండర్ న్యూట్రల్ అనేది వాళ్లెవరో ఇప్పుడు ఇంటర్నెట్‌లో కనిపెట్టారు. మన తెలుగువాళ్లం ఏనాడో కనిపెట్టాం! గోపాలరావు వచ్చాడు. సరే. మరి సుప్రజ వచ్చింది, కుక్క వచ్చింది, ఎనిమిదింటి బస్సు వచ్చింది, కరెంటు బిల్లు వచ్చింది. చూశారా? ఆడపిల్లకీ కుక్కకీ బస్సుకీ బిల్లుకీ ఏ తేడా చూపించని విశాల హృదయం మన భాషది! ఇంతకన్నా సమానత్వం ఇంకేం కావాలి?

ఈ మాట సుప్రజతో అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అయితే పనిలోకి దిగాక తెలిసింది అసలు కష్టం. మన భాషలో ముద్దుగా ఉండి ఆడా మగా ఇద్దరికీ సరిపోయే పేర్లు బోలెడున్నాయి. బుజ్జి, పండు, చిట్టి, కన్న, లడ్డూ. కానీ అన్నింట్లోనూ ఇప్పటికే మనుషులు కాపురం ఉంటున్నారు!

ముందు బుజ్జి అని పెట్టాం. మర్నాడు ఉదయం మావాడు గేటు దగ్గర నిలబడి గట్టిగా అరిచాడు. "బుజ్జీ! ఛీ ఛీ! అక్కడ పోయకూడదు! పక్కకి పో!"

ఎదురింటి వెంకటేశ్వరరావుగారు ఉలిక్కిపడ్డారు. బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరైన మనిషి, మా కాలనీ సంఘానికి సెక్రటరీ. గొట్టం పట్టుకుని క్రోటన్సుకి నీళ్లు పోసుకుంటున్నారు. అరవై ఏళ్లుగా ఆయన్ని వాళ్లింట్లో బుజ్జి అనే పిలుస్తారని మాకేం తెలుసు? గొట్టం వదిలేసి లోపలికి వెళ్లినాయన ఆ నెల సంఘం మీటింగులో మా పేరు చదవలేదు.

తర్వాత పండు అన్నాం. "నేనుండగానే నా పేరు ఇంకోదానికి పెట్టేస్తారా?" అని విశ్వతేజ అన్నం మానేశాడు. ఇరవయ్యేళ్ల నుంచి వాడే మా పండు. పేరు మీద అంత హక్కు ఉంటుందని నాకప్పటిదాకా తెలీదు.

ఆపైన లడ్డూ. ఇది రెండు రోజులు నిలబడింది. మూడో రోజు విజయవాడ నుంచి మా మరదలు ఫోన్ చేసి నా షుగర్ ఎలా ఉందని అడిగితే, మా ఆవిడ యథాలాపంగా, "ఏం చెప్పమంటావే, ఆయన లడ్డూని వదిలి ఒక్క క్షణం ఉండటం లేదు. పొద్దున్న లేస్తూనే ఒళ్లో లడ్డూ," అంది. మర్నాడు మధ్యాహ్నానికల్లా మా మరదలు రెండు కేజీల మెంతులతో, కళ్లనీళ్లతో దిగింది.

ఇదంతా న్యూసెన్సు అంటారా? అక్కడే మీరు పొరబడుతున్నారు!

కుక్క రాకముందు మా ఇంట్లో నలుగురం నాలుగు దిక్కులు. నేను పేపరు, అమ్మాయి ల్యాప్‌టాప్, అబ్బాయి సెల్‌ఫోను, మా ఆవిడ వంటిల్లు. మాటలుండేవి కావు. పేరు గొడవ మొదలయ్యాక రోజూ సాయంత్రం డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చోవడం మొదలైంది! నలభై మూడు పేర్లు రాశాం. కొట్టేశాం. కేకలేసుకున్నాం. సుప్రజ మోకా అని పట్టుబట్టింది, అదేదో కాఫీట. విశ్వతేజ పిక్సెల్ అన్నాడు, అదేంటో వాడికీ సరిగ్గా తెలీదు. నేను చిట్టి దగ్గర స్థిరంగా నిలబడ్డాను. నా కూతురు నాతో రోజుకి గంటసేపు వాదించడం అది పదో తరగతి దాటాక ఇదే మొదలు. ఇలాంటి కుటుంబ ఐక్యత ఏ పండక్కైనా వస్తుందా?

ఓటింగు కూడా పెట్టాం. నలుగురైతే సగం సగం చీలిపోయే ప్రమాదముందని ముగ్గురమే ఓటేశాం. మా ఆవిడ ఎటూ పకోడీలు వేస్తోంది. మూడు ఓట్లూ మూడు పేర్లకి పడ్డాయి.

ఈలోగా కుక్కకి సూది వేయించాలని మేడ్చల్‌లో పశువుల డాక్టరు సుధాకర్‌గారి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన కార్డు తీసి, పెన్ను తెరిచి, "పేరేంది?" అన్నారు.

"ఇంకా పెట్టలేదండీ."

"మగదా, ఆడదా?"

"అది తనకి తెలుసు కదా సార్. మనకెందుకు?" అంది సుప్రజ.

డాక్టరుగారు పెన్ను కింద పెట్టారు. "నాకెందుకమ్మా, నాకు అక్కర్లేదు. గీ కార్డుకు కావాలె. గిండ్ల ఖానా ఉన్నది, నింపాలె. రెండో సూదికి సోమవారం రాండ్రి. పేరు లేకుంట మాత్రం రాకుండ్రి, రిజిస్టర్ల ఎట్ల రాయాలె నేను?"

సోమవారం అంటే సరిగ్గా ఇరవయ్యో రోజు. ఆ ముందు ఆదివారం ఉదయం జరిగింది చెబుతాను వినండి. ఇది మాత్రం నవ్వులాట కాదు.

నసీరుద్దీన్ పాలు పోయడానికి వచ్చాడు. పక్కనున్న రావల్కోల్ ఊరి మనిషి. మా కాలనీ వెనక షెడ్డు వేసుకుని ఏడు బర్రెల్ని పెట్టుకున్నాడు. పాల క్యాను లోపలికి తెస్తూ గేటు తెరిచి ఉంచాడు. బయట బర్రెలు ఏడూ మేతకి వెళుతున్నాయి. మా కుక్క తలెత్తి చూసింది.

కార్గీలు పూర్వం పశువుల్ని తోలేవట. ఆ సంగతి మాకెవరికీ తెలీదు, ఒక్క కుక్కకి తప్ప. రెండే గెంతుల్లో గేటు దాటింది! బర్రె పొట్ట కింద దూరి మడమ పట్టుకుంది. వదిలి ఇంకోదాని మడమ. నాలుగంగుళాల కాళ్లేసుకుని ఏడు బర్రెల్ని వరసలో పెట్టి, ఆర్చి దాటించి, మేడ్చల్ రోడ్డు ఎక్కించేసింది.

మేడ్చల్ రోడ్డంటే తెలుసుగా? నాగపూర్ నుంచి వచ్చే లారీలకి అక్కడ బ్రేకులుంటాయని గుర్తుండదు. దూరంగా ఒకటి హారన్ కొడుతూ వస్తోంది.

"మోకా! మోకా!" అని సుప్రజ చెప్పులు కూడా లేకుండా పరిగెత్తింది. "పిక్సెల్!" అని విశ్వతేజ. "చిట్టీ!" అని నేను. వెంకటేశ్వరరావుగారు కూడా పౌరుషం పక్కన పెట్టి గేటెక్కి, "బుజ్జీ! బుజ్జీ! ఇటు రా!" అని కేకలేశారు. తన పేరు తనే!

కుక్క వినదే! దాని దృష్టిలో మేం ఎవరెవరినో పిలుచుకుంటున్నాం. లారీ కల్లు దుకాణం దాటింది. సుప్రజ రోడ్డు అంచుకి వెళ్లిపోయింది. నా కూతురు రోడ్డు మధ్యకి దూకేస్తుందని నాకు అర్థమైంది. అలాంటప్పుడు ముప్ఫై ఒక్కేళ్లుగా నేను చేసేది ఒకటే. ఇంటివైపు తిరిగి, ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాను.

"ఇదిగో! ఎక్కడున్నావ్? ఇటు రా!"

కుక్క ఆగిపోయింది. నాలుగు కాళ్లకీ ఒకేసారి బ్రేకు పడ్డట్టు జారి, తిరిగి, బర్రెల కాళ్ల సందుల్లోంచి బంతిలా దొర్లుకుంటూ వచ్చేసింది. లారీ దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. దుమ్ము తగ్గాక చూస్తే నా కాళ్ల దగ్గర కూర్చుని నాలుక బయటపెట్టి నా మొహంలోకి చూస్తోంది. సుప్రజ దాన్ని పట్టుకుని రోడ్డు మీదే కూర్చుని ఏడ్చేసింది.

నసీరుద్దీన్ తన బర్రెల్ని ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి పిలుచుకుని వెనక్కి మళ్లించాడు. ఏడింటికీ ఏడు పేర్లున్నాయి, ఏడూ పలికాయి.

"మస్తు పరేషాన్ జేసింది సార్ మీ కుక్క," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "గని పేరు మంచిగ వెట్టిన్రు. ఒక్కపాలి పిలిస్తె ఆగింది."

"అది దాని పేరు కాదయ్యా. నేను మా ఆవిణ్ణి పిలిచాను."

నసీరుద్దీన్ ఆలోచించాడు. "అంటే అమ్మ పేరు ఇదిగోనా సార్?"

ఈలోపు చేతిలో గరిటెతో మా ఆవిడ గేటు దగ్గరికి వచ్చింది. నసీరుద్దీన్ ఆవిడనే అడిగాడు. "అమ్మా, దీనికి బువ్వ ఎవరు వెడ్తరు?"

"ఇంకెవరు, నేనే."

"వెట్టేటప్పుడు ఏమంటరు?"

"ఏమంటాను? ఇదిగో, తిను, అంటాను."

"గంతే సార్! దినాం మూడు పూటల ఇదిగో అంటె ఇగ గదే దాని పేరు. మీరు కాయితం మీద ఏం రాసుకున్నా దానికేమెరుక?"

తెలివైనవాడే. మాటవరసకి అడిగాను. "మరి నువ్వు మీ ఆవిణ్ణి ఏమని పిలుస్తావు?"

"జహేదా అని పిలుస్త," అన్నాడు. "పేరున్నది గదా సార్?"

పాలవాడు కదా, పాపం. మన కుటుంబాల పద్ధతులు వాడికెలా తెలుస్తాయి?

ఏమైతేనేం, పంతొమ్మిదో రోజుకి సమస్య తీరిపోయింది! ఇదిగో! ఆలోచించండి. ముద్దుగా లేదూ? ఆడదీ కాదు, మగదీ కాదు. సుప్రజ కూడా ఒప్పుకుంది. "వావ్ నాన్నా, పర్‌ఫెక్ట్ జెండర్ న్యూట్రల్!" అంది. అది నన్ను మెచ్చుకోవడం, ఇంజనీరింగ్ ఫీజు కట్టిన రోజు తర్వాత మళ్లీ ఇప్పుడే.

సోమవారం డాక్టరుగారి దగ్గర కొంచెం ఆలస్యమైంది.

"పేరేంది?"

"ఇదిగో."

ఆయన కాగితం కోసం చెయ్యి చాపారు. "ఏది?"

"ఇదిగో."

"ఏది సార్? ఇయ్యుండ్రి."

"ఇదిగోనండీ!"

వెనక వరసలో మేకని పట్టుకుని నిలబడ్డ ముసలాయన కలగజేసుకుని విడమర్చి చెప్పేదాకా ఇలాగే నడిచింది. మొత్తానికి కార్డు మీద రాశారు. ఆడా మగా అన్న ఖానాలో సుప్రజ అడ్డగీత గీయించింది.

ఇక్కడితో కథ సుఖాంతం అయ్యుండేది. అసలు చిక్కు ఆ మధ్యాహ్నమే వచ్చిపడింది.

భోజనం చేసి, కునుకు తీసి, వరండాలో కుర్చీలో కూర్చుని మామూలుగా, "ఇదిగో! కాఫీ!" అన్నాను. కుక్క వచ్చింది. మళ్లీ పిలిచాను. కూర్చుంది. గట్టిగా పిలిచాను. షేక్‌హ్యాండ్ ఇచ్చింది. కాఫీ మాత్రం రాలేదు.

రెండో రోజూ అంతే. మూడో రోజు లోపలికి వెళ్లి చూస్తే మా ఆవిడ పీట మీద కూర్చుని గోంగూర వలుస్తోంది.

"పిలుస్తుంటే పలకవేం?"

"మీరు దాన్ని పిలుస్తున్నారనుకున్నాను," అంది. తలెత్తలేదు.

సరే, వేరే మార్గాలు చూశాను. "ఒసేయ్" అన్నాను. మేడ మీద నుంచి సుప్రజ, "నాన్నా! ఏంటా పిలుపు?" అని అరిచింది. "ఏమేవ్" అన్నాను. దానికీ కుక్కే వచ్చింది, నా గొంతు గుర్తుపట్టి. ఇక ఒకటే దారి మిగిలింది. పేరు పెట్టి పిలవడం! మీరు నమ్మరుగానీ ముప్ఫై ఒక్కేళ్లలో ఆ పేరు రేషన్ కార్డు మీద రాశాను, ఓటరు లిస్టులో వెతికాను, పెన్షన్ కాగితాల్లో నామినీగా నింపాను. నోటితో ఒక్కసారీ అనలేదు. బాత్రూంలో నాలుగైదుసార్లు ప్రాక్టీసు చేశాను. నాలుక తిరగడానికే టైము పట్టింది. బయటికొచ్చి, గొంతు సవరించుకుని పిలిచాను.

"శేషారత్నం!"

కుక్క కూడా రాలేదు.

మళ్లీ పిలిచాను. లోపలికి వెళ్లాను. ఎదురుగా నిలబడి మళ్లీ అన్నాను. ఆవిడ చుట్టూ చూసి, "ఎవర్ని?" అంది.

"నిన్నే. నీ పేరే కదా?"

"అది మీ అమ్మగారు పెట్టింది. నా పేరు పార్వతీదేవి."

"అదేంటి?" అన్నాను.

"శుభలేఖ తీసి చూసుకోండి. అత్తయ్యగారి పేరూ పార్వతీదేవే కదా. పార్వతీ, ఆ అంట్లు తోమవే అని కోడలి మీద కేకేస్తే తనని తనే తిట్టుకున్నట్టుంటుందన్నారు. నేనింకా గడప బయటే ఉన్నాను, కాళ్లు కడుక్కుంటూ. లోపలికి అడుగుపెట్టేలోపు శేషారత్నం అయిపోయాను. ఎవరో పోయిన మేనత్త పేరట." ఆవిడ గొంతులో కోపం లేదు. గోంగూర ఆకులు ఒక్కొక్కటే గిన్నెలో పడుతున్నాయి.

"అప్పుడు నేనెక్కడున్నాను?"

"పక్కనే ఉన్నారు."

"ఏమన్నాను?"

"కాఫీ అడిగారు."

పాఠకులారా, నేను వాదనలో ఓడిపోయే మనిషిని కాను. "ఇష్టం లేకపోతే అప్పుడే చెప్పాల్సింది," అన్నాను.

"ఎవరడిగారు?" అంది.

కుక్కకి నలభై మూడు పేర్లు రాసి, పంతొమ్మిది రోజులు కూర్చుని, ఓటింగు పెట్టి, దాని పర్సనాలిటీకి ఎక్కడ దెబ్బ తగులుతుందోనని నా కూతురు బెంగపెట్టుకున్న ఇల్లిది. అదే ఇంట్లో ఒక మనిషికి పేరు మార్చడానికి కాళ్లు కడుక్కునేంత సేపు పట్టింది. ఇందులో ఏదో లెక్క తప్పినట్టు నాకు లీలగా తోచింది. రిటైరయ్యాను కదా, లెక్కలు నెమ్మదిగా తేలుతున్నాయి.

"అయితే ఇకనుంచి పార్వతీదేవి అని పిలుస్తాను," అన్నాను ఉదారంగా.

"వద్దులెండి. అదీ మా నాన్న పెట్టిందే, నన్నడిగి పెట్టలేదు. ముప్ఫై ఏళ్లయింది, ఎవరో పక్కింటావిణ్ణి పిలిచినట్టుంటుంది. నాకేం కావాలో నేను ఆలోచించుకుని చెప్తాను. తొందరేముంది?"

ఇవాళ్టికి పదకొండో రోజు. ఆవిడింకా చెప్పలేదు. సుప్రజ పేర్లేవో ప్రింటు తీసి ఇవ్వబోతే, "నా పని నేను చూసుకుంటానులే," అని వెనక్కి ఇచ్చేసింది. అంతవరకూ పిలవడానికి నా దగ్గర ఏ మాటా లేదు. ఏం కావాలన్నా నేనే కుర్చీలోంచి లేచి, వంటింటిదాకా నడిచి, ఎదురుగా నిలబడి, మొహం చూసి మాట్లాడాల్సి వస్తోంది.

చెప్పకేం, కొంచెం కొత్తగానే ఉంది. నిన్న సాయంత్రం అలాగే వెళ్లి నిలబడి, "కళ్లజోడు ఎప్పుడు పెట్టించుకున్నావ్?" అని అడిగాను.

"నాలుగేళ్లయింది," అంది.